గొట్టం సన్నమైతే మోటారుకు బరువా, తేలికా?

నీటి పంపు కొనేటప్పుడు ఎన్ని అశ్వశక్తులని అడిగి తెలుసుకుంటాము. దానికి బిగించే గొట్టం లావును మాత్రం దుకాణంలో దొరికినదానికే వదిలివేస్తాము. పైరుకు అందే నీరూ, మోటారు ఆయుర్దాయమూ ఆ లావు మీదనే ఎంతగానో ఆధారపడి ఉన్నవి.

వేసవి ముదిరిన రోజుల్లో పల్లెల్లో తరచుగా కనిపించే దృశ్యం ఇది. బావి నుంచి వంద మీటర్ల దూరాన ఉన్న మడికి నీరు పారించడానికి రైతు అప్పుచేసి కొత్త గొట్టం వేయించాడు. పాతది రెండున్నర అంగుళాల ఇనుప గొట్టం, లోపలంతా తుప్పు. కొత్తది నాలుగు అంగుళాల ప్లాస్టిక్ గొట్టం. స్విచ్చి వేయగానే నీరు ఏనుగు తొండంతో చిమ్మినట్లు వచ్చి కాలువలో పడ్డది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాలుగు రోజులు గడవకముందే మోటారు నుంచి కమురు వాసన వచ్చింది. వైండింగు కాలిపోయింది.

"లావు పైపు వేస్తే మోటారుకు బరువు తగ్గాలి కదా బాబూ, ఇట్లా ఎందుకయింది?" అని రైతు అడుగుతాడు.

"తగ్గలేదు పెద్దయ్యా, పెరిగింది" అంటాడు మోటార్లు చుట్టే మెకానిక్కు.

ఆ సమాధానం రైతుకు రుచించదు. సన్నని సందులోంచి నీటిని తోయడం కష్టమనీ, విశాలమైన దారి ఇస్తే పని సులువవుతుందనీ ఎవరికైనా తోచే మాట. అయినా మెకానిక్కు చెప్పినదే నిజం. రైతు ఊహలోనూ సగం నిజం లేకపోలేదు. ఈ రెండు నిజాలూ ఎక్కడ కలుస్తాయో తెలుసుకున్నవాడు మోటారునూ కాపాడుకుంటాడు, పైరునూ కాపాడుకుంటాడు.

ఎద్దుకూ మోటారుకూ తేడా

మోట తోలిన రోజుల్లో బరువంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. బాన పెద్దదైతే ఎద్దులు రొప్పేవి. మరీ బరువైతే నిలబడిపోయేవి. మోటారుకు ఆ తెలివి లేదు. ఎంత పని మీద పడితే అంత కరెంటు లాగుతుంది. తన శక్తికి మించిన పని పడినా ఆగదు. ఇంకా ఎక్కువ కరెంటు లాగి, లోపలి రాగితీగ వేడెక్కి, తీగకున్న పూత మాడి చివరకు కాలిపోతుంది.

మరి మోటారు మీద పడే పని ఎంతో నిర్ణయించేది ఏది? సెకనుకు ఎన్ని లీటర్లు లేస్తున్నవి, ఎంత ఎత్తుకు లేస్తున్నవి అనే రెండే ప్రశ్నలు. ఈ రెండింటినీ హెచ్చవేస్తే నీటికి అందే శక్తి వస్తుంది. సెకనుకు 10 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తడానికి 98 వాట్లు కావాలి. పంపులోను, మోటారులోను వృథా అయ్యేది కలుపుకుంటే మీటరు నుంచి వచ్చే విద్యుత్తు దాదాపు అందుకు రెట్టింపు ఉంటుంది.

ఇక్కడ ఎత్తు అంటే బావిలోని నీటిమట్టం నుంచి నీరు పడేచోటి వరకు కొలిచిన ఎత్తు మాత్రమే కాదు. గొట్టంలో నీరు రాచుకుంటూ పోయే ఘర్షణను జయించడానికి పంపు చేసే శ్రమ కూడా ఎత్తుగానే లెక్కకు వస్తుంది. ఇంజనీర్లు ఈ మొత్తాన్ని 'హెడ్' అంటారు. కంటికి కనిపించే ఎత్తు ఒకటి, కనిపించని ఎత్తు మరొకటి. గొట్టం లావు శాసించేది ఈ రెండవదాన్నే.

కంటికి కనిపించని ఎత్తు

గొట్టాలలో నీటి ఘర్షణను శ్రద్ధగా కొలిచినవారిలో ముఖ్యుడు హెన్రీ డార్సీ. ఫ్రాన్సులోని దిజోఁ నగరానికి మంచినీటి సరఫరా ఏర్పాటుచేసిన ఇంజనీరు ఆయన. గొట్టాలపై తాను చేసిన ప్రయోగాల ఫలితాలను 1857లో ప్రచురించాడు. జర్మనీకి చెందిన జూలియస్ వైస్‌బాఖ్ అంతకుముందే, 1845లో, ఘర్షణకు ఒక సూత్రం ఇచ్చాడు. ఇద్దరి పేర్లూ కలిపి పిలిచే ఆ సూత్రమే నేటికీ ఇంజనీరింగు కళాశాలల్లో మొదటి పాఠం.

దాని సారాంశం ఆశ్చర్యం గొలుపుతుంది. పారే నీరు మారకుండా గొట్టం వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే ఘర్షణ రెట్టింపో నాలుగు రెట్లో కాదు, సుమారు ముప్పైరెండు రెట్లు అవుతుంది. వ్యాసం సగమైతే నీటి దారి నాలుగో వంతుకు కుదించుకుపోతుంది. కనుక నీరు నాలుగు రెట్ల వేగంతో పరుగెత్తాలి. ఘర్షణ వేగానికి వర్గంగా పెరుగుతుంది గనుక అది పదహారు రెట్లు. పైగా సన్నని గొట్టంలో నీటికి గోడల స్పర్శ ఎక్కువ గనుక ఇంకొక రెట్టింపు.

అంకెలలో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సెకనుకు 10 లీటర్ల నీరు 100 మీటర్ల పొడవున్న నున్నని ప్లాస్టిక్ గొట్టంలో పోవాలనుకుందాం. గొట్టం లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలయితే ఘర్షణకు పోయే హెడ్ సుమారు 1.7 మీటర్లు. 75 మిల్లీమీటర్లయితే 6.7 మీటర్లు. 50 మిల్లీమీటర్లయితే 48 మీటర్లు! రెండు అంగుళాల గొట్టంలో అంత నీటిని తోయడమంటే పదిహేను అంతస్తుల మేడ మీదికి నీరు ఎక్కించడంతో సమానం. తుప్పు పట్టిన ఇనుప గొట్టమైతే ఈ అంకెలన్నీ దాదాపు రెట్టింపవుతాయి.

అయితే లావు పెంచుకుంటూ పోయినకొద్దీ లాభం పెరుగుతూనే ఉండదు. నాలుగు అంగుళాల నుంచి అయిదుకు పోతే మిగిలేది ఒక మీటరు హెడ్ మాత్రమే. గొట్టం ఖరీదు మాత్రం బాగా పెరుగుతుంది. అందుకే డెలివరీ గొట్టంలో నీటి వేగం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోపు ఉండేటట్లు చూసుకుంటే చాలునని అనుభవజ్ఞులు చెబుతారు.

గంట లెక్క, లీటరు లెక్క

ఇక కాలిపోయిన మోటారు సంగతికి వద్దాం. పొలాల్లో ఎక్కువగా వాడేది అపకేంద్ర పంపు. దాని లోపల ఇంపెల్లరు అనే రెక్కల చక్రం గిర్రున తిరిగి నీటిని అంచులకు విసురుతుంది. ఈ పంపుది ఒక విచిత్ర స్వభావం. ఎదురు వచ్చే హెడ్ పెరిగితే నీరు తగ్గిస్తుంది. హెడ్ తగ్గితే నీరు పెంచుతుంది. సాధారణంగా నీరు పెరిగినకొద్దీ మోటారు మీద బరువు పెరుగుతుంది. డెలివరీ వాల్వును పూర్తిగా మూసివేస్తే చక్రం లోపలి నీటినే చిలుకుతూ తిరుగుతుంది. అప్పుడు మోటారు మీద బరువు నిండుబరువులో సగానికి దగ్గరగా పడిపోతుంది. పెద్ద పంపులను నడిపే ఆపరేటర్లు వాల్వు మూసి మోటారు స్టార్టు చేసి, తరువాత మెల్లగా తెరవడంలోని మర్మం ఇదే. మూసిన వాల్వుతో ఎక్కువసేపు నడపరాదు. లోపలి నీరు కాగి సీళ్ళు చెడిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నీటిని లేపవలసిన అసలు ఎత్తు 12 మీటర్లు. పాత రెండున్నర అంగుళాల తుప్పు గొట్టంలో సెకనుకు 6 లీటర్లు మాత్రమే పోతున్నవి. ఆ మాత్రానికే ఘర్షణ మరి 12 మీటర్లు తింటున్నది. మొత్తం 24 మీటర్లు. పంపు ఆ హెడ్‌కు తగినదే; 3 అశ్వశక్తుల మోటారు, అంటే 2.2 కిలోవాట్లు, నిండుగా పనిచేస్తున్నది. ఇప్పుడు నాలుగు అంగుళాల గొట్టం వేస్తే ఘర్షణ రెండు మీటర్లలోపుకు దిగుతుంది. మొత్తం హెడ్ 14 మీటర్లయింది. పంపుకు పగ్గాలు వదిలినట్లయి సెకనుకు 10 లీటర్లు పోస్తుంది. అయితే అది ఆ హెడ్‌కోసం తయారైన పంపు కాదు గనుక సామర్థ్యం పడిపోతుంది. మోటారు మీద బరువు 2.8 కిలోవాట్లు దాటుతుంది. అంటే తన శక్తికి మూడు పాళ్ళు పదింట అదనపు బరువు మోస్తున్నదన్నమాట. గంటల తరబడి అలా నడిస్తే వైండింగు నిలవదు.

మరి సన్నని గొట్టమే మేలా? కానే కాదు. మోటారుకు రెండు లెక్కలున్నవి. గంటకు ఎంత బరువన్నది ఒక లెక్క. లీటరుకు ఎంత ఖర్చన్నది రెండవ లెక్క. ఎకరం మడికి 10 సెంటీమీటర్ల లోతున నీరు పెట్టాలంటే సుమారు 405 ఘనపు మీటర్ల నీరు కావాలి. పాత గొట్టంతో అందుకు పందొమ్మిది గంటలు పడుతుంది. పంపు ఇరుసు వద్ద 41 యూనిట్ల శక్తి ఖర్చవుతుంది. కొత్త గొట్టంతో పదకొండుంపావు గంటల్లో పని ముగుస్తుంది. ఖర్చు 32 యూనిట్లు. గంట లెక్కలో బరువు పెరిగినా లీటరు లెక్కలో ఖర్చు తగ్గింది. కొత్త గొట్టంతోపాటు 14 మీటర్ల హెడ్‌కు తగిన పంపును కూడా బిగించి ఉంటే అదే 3 అశ్వశక్తుల మోటారు తన హద్దులోనే ఉండి, అదే పదకొండుంపావు గంటల్లో, సుమారు 25 యూనిట్లతో పని ముగించేది.

ఆ రైతు చేసిన పొరపాటు లావు గొట్టం వేయడం కాదు. గొట్టం మార్చి పంపును మార్చకపోవడం.

అన్ని పంపులూ ఒక్కటి కావు

ఇంతవరకు చెప్పినది అపకేంద్ర పంపుకే వర్తిస్తుంది. పిస్టను పంపు స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది ఒక్కొక్క తోపుకు నిర్ణీతమైన నీటిని నెట్టి తీరుతుంది. దారి ఇరుకైతే నీరు తగ్గదు. పీడనం పెరుగుతుంది, మోటారు మీద బరువూ పెరుగుతుంది. దారి మూసుకుపోతే గొట్టమైనా పగలాలి, మోటారైనా ఆగాలి. పంటలకు మందు చల్లే పవర్ స్ప్రేయర్లలో చాలావాటికి పిస్టను పంపే ఉంటుంది. వాటికి అధిక పీడనాన్ని వదిలే వాల్వు అమర్చేది అందుకే.

పట్టణాలలో సంపులోంచి మేడ మీది ట్యాంకుకు నీరెక్కించే అర అశ్వశక్తి చిన్న పంపుల సంగతి ఇంకా గమనించదగ్గది. వాటిలో చాలావరకు అంచున చిన్న చిన్న గళ్ళున్న చక్రం తిరిగే రకానివి. ఈ రకం పంపుకు నీరు తగ్గినకొద్దీ బరువు పెరుగుతుంది. వాల్వు పూర్తిగా మూసినప్పుడే అత్యధికం. ఒక అంగుళం నోరున్న అటువంటి పంపుకు అరంగుళం తోటగొట్టం తగిలించి చెట్లకు నీళ్ళు పట్టేవారు, మధ్యలో గొట్టాన్ని మడతపెట్టి నీరు ఆపేవారు తమ మోటారును తామే హింసిస్తున్నారు. అది చేతికి వేడిగా తగలడంలో వింతేమీ లేదు.

కాలువల నుంచి తక్కువ ఎత్తుకు విస్తారంగా నీరు తోడే ప్రొపెల్లరు పంపులూ అంతే. వాటిని వాల్వు మూసి స్టార్టు చేయరాదు. కనుక "గొట్టం సన్నమైతే బరువా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు "పంపు ఏ జాతిది?" అని ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది.

పీల్చే గొట్టంతో చెలగాటం వద్దు

డెలివరీ గొట్టం సన్నమైతే నష్టం ఖర్చు రూపంలో వస్తుంది. పీల్చే గొట్టం సన్నమైతే పంపే పాడవుతుంది. నిజానికి పంపు నీటిని పీల్చదు. లోపల ఖాళీ ఏర్పడితే బయటి గాలి పీడనమే బావిలోని నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం వద్ద ఆ నెట్టుడు 10.3 మీటర్లకు మించదు. ఘర్షణ, ఫుట్‌వాల్వు వద్ద నష్టం, నీటి ఆవిరి పీడనం పోగా ఆచరణలో ఆరేడు మీటర్లే దక్కుతాయి.

ఆ కొద్దిపాటి పెట్టుబడిని సన్నని గొట్టం తినివేస్తే ఇంపెల్లరు కంటివద్ద పీడనం మరీ పడిపోయి నీరు బుడగలు కడుతుంది. ఆ బుడగలు రెక్కల మీద పేలుతూ లోహాన్ని గుంటలు పడేటట్లు కొరికివేస్తాయి. పంపులో గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు వినిపిస్తే అది ఈ రోగ లక్షణమే కావచ్చు. అందుచేత పీల్చే గొట్టం డెలివరీ గొట్టానికి సమానంగానైనా, అంతకంటె లావుగానైనా ఉండాలి. ఎన్నడూ సన్నంగా ఉండరాదు. ఫుట్‌వాల్వు రంధ్రాల మొత్తం వైశాల్యం గొట్టం నోటికంటె బాగా ఎక్కువ ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ వ్యవసాయ పంపుల గొట్టాల అమరికకు ఐ.ఎస్. 10804 అనీ, ఫుట్‌వాల్వులకు ఐ.ఎస్. 10805 అనీ ప్రమాణాలను నిర్దేశించింది.

ఓల్టేజి పడిపోయిన వేళ

గొట్టం వల్ల పెరిగిన బరువుకు మన పల్లెల్లో మరొక శత్రువు తోడవుతుంది. అది తక్కువ ఓల్టేజి. మూడు ఫేజుల 5 అశ్వశక్తుల మోటారు 415 ఓల్టుల వద్ద నిండుబరువుతో సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఓల్టేజి 330కి పడిపోయినా పంపు అడిగే పని దాదాపు అంతే ఉంటుంది గనుక మోటారు తొమ్మిది ఆంపియర్లకు పైగా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద అనేక మోటార్లు నడిచేచోట ఇది ఒక్కరి సమస్య కాదు. ఒక బావి వద్ద అదనంగా లాగిన కరెంటు పక్క బావి వద్ద ఓల్టేజిని తగ్గిస్తుంది. ఆ మోటారు మరింత లాగుతుంది. చివరకు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతే అందరి పైరూ ఎండుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత సన్నని గొట్టం చేసే నష్టం రైతు బిల్లులో కనిపించడం మానింది. కాని నష్టం పోలేదు. తడి పూర్తికాకముందే ముగిసిన సరఫరా గంటల్లోను, మోటారు చుట్టించిన కూలిలోను, ప్రభుత్వం కట్టే సొమ్ములోను అది దాగి ఉన్నది.

గుజరాత్ నేర్పిన పాఠం

ఈ విషయాన్ని పొలాలకు వెళ్ళి కొలిచి చూపినవారు మన దేశంలో లేకపోలేదు. అహ్మదాబాద్‌లోని సహకార యాజమాన్య సంస్థకు చెందిన ఎస్.ఎం. పటేల్ 1970, 80 దశకాలలో గుజరాత్ రైతుల పంపుసెట్లను పరీక్షించారు. సన్నని ఇనుప గొట్టాలు, ఇరుకు ఫుట్‌వాల్వులు విద్యుత్తును ఎంతగా మింగుతున్నవో ఆ పరీక్షల్లో బయటపడ్డది. మోటారు ముట్టుకోకుండా, గొట్టమూ ఫుట్‌వాల్వూ మార్చినంత మాత్రాన గణనీయమైన పొదుపు సాధ్యమని తేలింది. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధనా సంఘం డీజిలు ఇంజన్ల విషయంలో ఇదే ప్రచారం చేసింది. నీరు దూరంగా ఎగిరి పడితే పంపు బలమైనదన్న భ్రమతో డెలివరీ గొట్టాన్ని అనవసరంగా ఎత్తి వంచే అలవాటును మానుకోమని కూడా చెప్పింది. కాలువ మట్టానికి పైన ఎత్తిన ప్రతి మీటరుకూ ఇంధనం దండుగే.

గొట్టం చివర వేలు అడ్డుపెడితే నీరు దూరం చిమ్ముతుంది. అది వేగమే కాని నీరు కాదు. పైరు తాగేది వేగాన్ని కాదు.

రైతు చేతిలోని పరీక్ష

ఇంత లెక్క వేయడం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కాని రెండు కొలతలు ఎవరైనా తీసుకోవచ్చు. స్టార్టరు పెట్టెలో ఆంపియర్లు చూపే మీటరు ఒకటి. 200 లీటర్ల డ్రమ్మూ, చేతి గడియారమూ రెండవది. డ్రమ్ము ఇరవై సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు వస్తున్నట్లు.

అపకేంద్ర పంపుకు నీరు తక్కువగా, కరెంటు కూడా తక్కువగా ఉంటే గొట్టం ఇరుకనో, ఫుట్‌వాల్వు మూసుకున్నదనో, బావిలో మట్టం పడిపోయిందనో అనుమానించాలి. నీరు ఎక్కువ, కరెంటు మోటారు పలక మీద రాసినదానికంటె ఎక్కువ అయితే పంపు తనకు తగని తక్కువ హెడ్ మీద నడుస్తున్నది. తాత్కాలికంగా డెలివరీ వాల్వును కొంత మూసి మోటారును కాపాడవచ్చు. శాశ్వతంగా తగిన పంపునో, తగిన ఇంపెల్లరునో వేయించాలి. నీరు తక్కువగా ఉండి కరెంటు ఎక్కువగా ఉంటే ఓల్టేజిని, బేరింగులను, అరిగిన ఇంపెల్లరును చూడాలి. పంపు పలక మీద హెడ్ ఏ మీటర్ల నుంచి ఏ మీటర్ల వరకో రాసి ఉంటుంది. దుకాణంలో అశ్వశక్తి అడిగే ముందు ఆ అంకెలు అడగడం నేర్చుకోవాలి.

చివరగా ఒక్క మాట మరువరాదు. లావు గొట్టం నీటిని తొందరగా తెస్తుంది గాని కొత్తగా పుట్టించదు. ఊట తక్కువైన బావికి నాలుగు అంగుళాల గొట్టం వేస్తే బావి తొందరగా అడుగంటుతుంది, పంపు గాలి తాగుతుంది. బావి ఊటను చూచి నీరు, నీటిని చూచి గొట్టం, గొట్టాన్ని కలుపుకొని హెడ్, హెడ్‌ను చూచి పంపు, పంపును చూచి మోటారు: వరుస ఇది. మనలో చాలామంది మోటారుతో మొదలుపెట్టి వెనక్కు నడుస్తారు. బావి గట్టున కమురు వాసన వచ్చేది ఆ తిరకాసు వల్లనే.